నీలం డ్రమ్ముల వెంట దివిసీమ దాకా

ముందే ఒక మాట చెప్పేస్తాను. నాకు ఉన్నది ఉన్నట్టు చెప్పడం చేతకాదు. మా ఆవిడ నేను చెప్పే ప్రతి సంగతినీ మూడుతో భాగించి వింటుంది, అప్పటికీ కొంచెం ఎక్కువే మిగిలిందంటుంది. మీరూ ఈ కథనంలో ఇడ్లీల సైజు, మీసాల పొడవు, దోమల బరువు దగ్గర మొహమాటం లేకుండా భాగించుకోండి. డ్రమ్ముల దగ్గర మాత్రం భాగించకండి. పదకొండు అన్నానంటే పదకొండే. అక్కడ పెంచడానికి నాకు ఓపిక లేదు, కోపం ఉంది.

గుడివాడ: మీసం, ఇడ్లీ, భయం

నేను గుంటూరువాణ్ణి. మా అక్క మొగుడు వీరభద్రం బావ గుడివాడలో ఉంటాడు. ముప్పై ఏళ్ళు రకరకాల ఊళ్ళ విమానాశ్రయాల్లో ఫైర్ సర్వీసు చేసి రిటైరయ్యాడు. విమానం కూలితే ఎదురెళ్ళే ఉద్యోగం. ఆయన మీసం మీద రెండు పిచ్చుకలు కాపురం పెట్టి, పిల్లల్ని కని, చదివించి పెళ్ళిళ్ళు చెయ్యొచ్చు. అంత మనిషి ఓ శుక్రవారం పొద్దున్నే ఫోను చేసి, "ఒరేయ్ బామ్మర్దీ, దివిసీమ వెళ్ళాలి. మా చెల్లెలు సీత ఇంట్లో ఒక డ్రమ్ముంది, తెచ్చెయ్యాలి. ఒక్కణ్ణే వెళ్ళాలంటే భయంగా ఉంది. రా," అన్నాడు.

మండే విమానంలోకి దూరే మనిషికి డ్రమ్మంటే భయమేమిటి? నవ్వుకుంటూ రైలెక్కాను. నవ్వు గుడివాడ స్టేషను దాకానే వచ్చింది.

స్టేషను నుంచి నేరుగా హోటలుకి తీసుకెళ్ళాడు. గుడివాడ ఇడ్లీ గురించి రాయకపోతే పాపం తగులుతుంది. ఒక్కొక్కటీ దిండంత ఉంది, తల పెట్టుకుని కాసేపు నిద్రపోవచ్చు. ప్లేటు నలభై రూపాయలు. మా గుంటూరులో సర్వరు "ఏంటి?" అంటాడు, మనం ఏదో తప్పు చేసి పట్టుబడ్డట్టు ఉంటుంది. ఇక్కడి సర్వరు "ఇంకో రెండు వెయ్యమంటారాండీ? కారప్పొడిలోకి నెయ్యి పొయ్యమంటారాండీ?" అని అడుగుతుంటే, మా ఇంట్లో కూడా నన్నెవరూ ఇంత మర్యాదగా చూడలేదని కళ్ళు చెమర్చాయి. బావ మాత్రం సగం ఇడ్లీ దగ్గర ఆగిపోయాడు.

"పెట్రోలు మంట మీద నీళ్ళు పోస్తే ఆరదురా," అన్నాడు. "నురగ కొట్టాలి. ఆ నురగ మంట మీద దుప్పటిలా పరుచుకుంటుంది, గాలి ఆడనివ్వదు. ముప్పై ఏళ్ళు కొట్టాను. డ్రిల్లు చేసి ఆ నురగలోనే బూట్లు కడుక్కున్నాం. ఒంటికి పూసుకుని హోలీ ఆడాం. సబ్బునీళ్ళే అని మాకు చెప్పారు. మేమూ అదే చెప్పాం."

"అయితే?"

"సబ్బునీళ్ళు కాదట. దానికి ఆ బలం ఇచ్చే రసాయనం కుళ్ళదు, విరగదు, చావదు. నేలలో దిగితే నేలలో ఉంటుంది, నీళ్ళలో దిగితే నీళ్ళలో ఉంటుంది, మనిషిలో దిగితే ఏళ్ళ తరబడి మనిషిలో ఉంటుంది. కాచినా పోదు. మా జూనియరొకడు మొన్న కలిసి చెప్పాడు. ఇప్పుడు వాళ్ళు డ్రిల్లు ఉత్త నీళ్ళతో చేస్తున్నారు. పాత నురగ మందుని గదిలో పెట్టి తాళం వేశారు. పారబొయ్యడానికి కూడా భయమేరా దాన్ని."

"డ్రమ్ము సంగతేంటి బావా?"

బావ మీసం కిందికి వాలింది. రిటైరయ్యాక ఆరు నెలలు పెడన దారిలో ఒక ప్రైవేటు ఫైరు ట్రైనింగు స్కూల్లో పాఠాలు చెప్పాడు. నురగ మందు రెండొందల లీటర్ల నీలం డ్రమ్ముల్లో వచ్చేది. దివిసీమలో సీత వదిన వాళ్ళ ఊళ్ళో మంచినీళ్ళు రెండు రోజులకోసారి వస్తాయి. పట్టి పెట్టుకోవడానికి చెల్లెలికి ఒక ఖాళీ డ్రమ్ము పంపాడు. అదీ మూడేళ్ళ కిందట. రెండుసార్లు కడిగితే చాలు, వాడుకోమని చెప్పాడు.

"ఇప్పుడు సీత కూతురు దుర్గ పురిటికొచ్చింది," అన్నాడు బావ. "తొమ్మిదో నెల. ఆ డ్రమ్ములో నీళ్ళే తాగుతోంది."

మిగిలిన సగం ఇడ్లీ ఆయనా తినలేదు, నేనూ తినమనలేదు.

రెక్కల్లేని విమానం

మర్నాడు శనివారం. బావ పాత మారుతీ వ్యానులో బయల్దేరాం. వెనక సీట్లో ఒక గొడ్డలి ఉంది. సర్వీసంతా ఆయన నడుముకున్నదే, రిటైరైన రోజున తోటివాళ్ళు నికెలు పూత పూయించి, పేరు చెక్కించి ఇచ్చారు. ఒకవైపు పదును, ఇంకోవైపు ముక్కు. విమానం రేకుని చీల్చి మనుషుల్ని లాగే గొడ్డలి. ఎందుకు బావా అంటే, "అలవాటు," అన్నాడు.

దారంతా పచ్చటి వరి, మధ్యమధ్య చేపల చెరువులు, గట్ల మీద కొంగలు. ఉన్నట్టుండి ఆ పచ్చదనం మధ్యలోంచి ఆకాశంలోకి నల్లటి పొగ లేచింది. దాని కింద విమానం! అంటే, విమానమనుకోవాలి. నాలుగు పాత ట్యాంకర్ల పీపాల్ని వరసగా వెల్డింగు చేసి, కిటికీలు కోసి, తోక ఒకటి అతికించారు. రెక్కలు పెట్టడానికి స్థలం లేదు, పక్కన వరి. అదే ఆ ట్రైనింగు స్కూలు. పేరు రాయను. "మూడు నెలల్లో ఎయిర్‌పోర్టు ఉద్యోగం" అని బోర్డు మాత్రం నేను రాసినా అంత పెద్దది రాయలేను.

శనివారాలు అక్కడ డ్రిల్లు. కింద తొట్టెలో డీజిలు పోసి అంటించారు. ఓ ముప్పై మంది కుర్రాళ్ళు పైపులు పట్టుకుని నురగ కొట్టారు. మంట ఆరింది, ఒప్పుకుంటాను, చూడముచ్చటగా ఆరింది. ఆ తర్వాత మోకాలి లోతు తెల్లటి నురగ. కుర్రాళ్ళు అందులో పడుకుని ఫోటోలు దిగారు, ఒకడి నెత్తిన ఒకడు పోసుకున్నారు. ఆ నురగంతా మట్టి గుంటలోకి జారింది. గుంటకి ఓ పక్క గండి. గండి నుంచి బోదెలోకి, బోదె నుంచి కాలవలోకి. వరి ఏమీ అనలేదు. వరికి నోరు లేదు కదా.

డైరెక్టరు పరుగెత్తుకొచ్చాడు. పేరు ప్రవీణ్. బావ శిష్యుడే. నలభై రెండు డిగ్రీల ఎండలో కోటు, టై. చెమట కారీ కారీ ఆ కోటు మీద అదో కాలవై పారుతోంది.

"సార్, మీరా! ఒక్క కబురు చేస్తే కారు పంపేవాణ్ణి కదండీ!"

"ప్రవీణూ, ఆ నురగ ఆపించు."

"డ్రిల్లండీ. శనివారం కదా."

"పైపు పట్టుకోవడం నేర్చుకోవడానికి నీళ్ళు చాలు. నురగే కావాలంటే ఆ రసాయనం లేని రకాలొచ్చాయి. ఆ గుంటకి సిమెంటు చేయించు, లోపల షీటు పరిపించు, గండి మూయించు. వాడిన నీళ్ళు ట్యాంకులో పట్టి, పారబొయ్యడం తెలిసినవాళ్ళకి అప్పజెప్పు. డీజిలు బదులు గ్యాసు మంట పెట్టు, ఈ పొగైనా తగ్గుతుంది."

ప్రవీణ్ నవ్వాడు. "నీళ్ళతో డ్రిల్లంటే ఎవరు చేరతారు సార్? బ్రోచర్లో నురగ ఫోటో ఉండాలి. అయినా అది సబ్బునీళ్ళే కదండీ. మీరే చెప్పారు."

"నేనా?"

"గోడ మీద ఉంది సార్."

క్లాసు గోడకి అద్దం కట్టి మరీ పెట్టారు. బావ దస్తూరీ, బావ సంతకం. 'నురగ సబ్బునీళ్ళంత నిరపాయకరం. భయపడకుండా వాడండి.' మూడేళ్ళ కిందటి పాఠం. బావ దాని ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. నేను పక్కకి తిరిగి కిటికీలోంచి విమానాన్ని చూశాను. కోపంలో ఉన్నప్పుడు రెక్కల్లేని విమానాన్ని చూస్తే మనసుకి కాస్త హాయిగా ఉంటుంది.

"ఖాళీ డ్రమ్ములేం చేస్తున్నావు?" అడిగాడు బావ, గోడ వైపే చూస్తూ.

"చవగ్గా ఇచ్చేస్తున్నాం సార్, పేదవాళ్ళకి. సేవ. ఎక్కువగా దివిసీమ వాళ్ళే పట్టుకెళ్తారు. మీ చెల్లెలిగారి పేరు చెప్పుకునే వస్తారండీ. 'ఫైరాఫీసరుగారు సొంత చెల్లెలికే ఇచ్చారు, ఇంక మాకేం భయం' అంటారు."

బావ వచ్చి వ్యాను ఎక్కాడు. తాళం చెవి పెట్టడానికి మూడుసార్లు వెతుక్కున్నాడు. మూడుసార్లే, పెంచలేదు.

పెడన: కాలవ ఇచ్చిన సెలవు

పెడనలో ఆగింది నా కోసం. కలంకారీ గుడ్డ ఎలా పుడుతుందో చూడాలని నాకెప్పటినుంచో సరదా. అచ్చులు కొట్టడం మీరు ఫోటోల్లో చూసే ఉంటారు. అసలు సంగతి కాలవలో ఉంది. అచ్చేసిన గుడ్డని పారే నీళ్ళలో ఉతకాలి. నిలవ నీళ్ళు పనికిరావు. మోకాలి లోతులో మనుషులు వరసగా నిలబడి, గజాల కొద్దీ గుడ్డని నీటి మీద విప్పుతారు. అక్కరలేనిదంతా వదిలించి పట్టుకుపోయే పని నీళ్ళదే. మా గుంటూరులో బట్టని బండకేసి చావబాదితే గాని ఉతికినట్టు కాదు. ఇక్కడ నీళ్ళకి అప్పజెప్పి ఓపిగ్గా నిలబడతారు.

వెంకటేశ్వర్లని, యాభై దాటిన మనిషి, నీళ్ళలోనే నిలబడి మాట్లాడాడు. నలభై ఏళ్ళుగా ఆ కాలవలోనే ఉన్నాడట. కాళ్ళు ఇంక గట్టు మీద నడవడానికి ఒప్పుకోవంటాడు.

"రేపొస్తే మా దగ్గర ఉతుకులుండవండీ. కాలవ మాకు ఆదివారం సెలవిచ్చింది."

"కాలవ సెలవివ్వడమేంటి?"

"నురగొస్తుందండీ. ఆదివారం పొద్దున్నకల్లా వచ్చేస్తుంది. లాకుల దగ్గర కింద పడ్డప్పుడు చూడాలి, పెరుగు చిలికినట్టుంటుంది. ఊళ్ళోవాళ్ళు సర్ఫు ఎక్కువ వాడుతున్నారు కాబోలనుకున్నాం. అది తగిలిన గుడ్డకి రంగు ముక్కలు ముక్కలుగా పడుతోంది. నురగ వల్లేనని ఒట్టేసి చెప్పలేనండీ. నురగ రాని రోజున మాత్రం బాగా పడుతోంది."

బావ గట్టు మీద కూర్చుండిపోయాడు. "ఇంకా రాలేదు. పొద్దున మనం చూసిన నురగ దారిలో ఉంది," అన్నాడు నాతో. తర్వాత వెంకటేశ్వర్లుకి అంతా చెప్పాడు. స్కూలు, విమానం, శనివారం డ్రిల్లు, గోడ మీది కాగితం, దాని మీద తన సంతకం. ఏదీ దాచలేదు.

వెంకటేశ్వర్లు చేతిలో గుడ్డని వదలకుండా విన్నాడు. "అయితే ఆఫీసరుగారూ," అన్నాడు చివరికి, "వారానికోసారి మమ్మల్ని ఇంట్లో కూర్చోబెడుతోంది మీ పాఠమేనన్నమాట."

"అవునండీ," అన్నాడు బావ.

"సరే. మరి ఈసారి వాళ్ళకి ఇంకో పాఠం చెప్పండి."

తిట్టి ఉంటే బాగుండేది. 'అండీ' అని తిట్టకుండా వదిలేసే ఈ కృష్ణా జిల్లా మర్యాద ఉందే, అది మా గుంటూరు బూతులకన్నా లోతుగా దిగుతుంది.

బందరు: గొడ్డలికి గది లేదు

బందరు లడ్డూ తినకుండా బందరు దాటితే తిరిగి రానివ్వరని మా ఆవిడ నమ్మకం. రెండు కేజీలు కొన్నాం. ఒక లడ్డూ నోట్లో వేసుకుంటే మాట్లాడటానికి పావుగంట పట్టింది, అంతసేపు నేను నోరు మూసుకోవడం చరిత్రలో మొదటిసారి. నల్ల హల్వా కూడా తిన్నాం. బావ నమలడం తప్ప రుచి చూసినట్టు లేదు.

లాడ్జిలో గుమస్తా మా సామాను చూసి లేచి నిలబడ్డాడు.

"అదేంటండీ?"

"గొడ్డలండీ," అన్నాడు బావ మర్యాదగా.

"గొడ్డలితో గది ఇవ్వమండీ."

"నేను ఫైర్ సర్వీసులో చేశానండీ. ఇదిగో, దీని మీద నా పేరుంది."

"పేరుంటే ఇంకా భయమండీ."

చివరికి గొడ్డలి కౌంటరు దగ్గర, వినాయకుడి పటం కింద పడుకుంది. మేం మేడ మీద పడుకున్నాం. దోమలు ఒక్కొక్కటీ పావు కేజీ ఉంటాయి, మీరు భాగించుకోవచ్చు. దుప్పటి ముసుగులోంచి బావ చెల్లెలితో చెప్పాల్సిన మాటలు వల్లెవేస్తూనే ఉన్నాడు. "అమ్మాయ్, ఆ డ్రమ్ము పాతబడింది, మారుద్దాం..." "అమ్మాయ్, కొత్త మోడలొచ్చింది..."

నాకు ఒళ్ళు మండింది. "బావా, అబద్ధం చెప్పడానికి ఇంత దూరం రావాలా? అది ఫోనులో చెప్పొచ్చుగా. నేను రోజూ చెప్తాను."

బావ అటు తిరిగి పడుకున్నాడు, దోమలు మాత్రం నా వైపే ఉన్నాయి.

దివిసీమ: ముందు మంచినీళ్ళు

ఆదివారం పొద్దున్నే చల్లపల్లి, మోపిదేవి, అవనిగడ్డ దాటి నాగాయలంక వైపు వెళ్ళాం. అరటి తోటలు, కొబ్బరి, వంతెనలు, మళ్ళీ అరటి తోటలు. చుట్టూ ఎక్కడ చూసినా నీళ్ళే. తాగడానికి మాత్రం ఒక చెంబుడు దొరకదు, తవ్వితే ఉప్పు. అందుకే ఇక్కడ ప్రతి ఇంటి వసారాలోనూ డ్రమ్ము ఉంటుంది. మన ఇళ్ళలో టీవీకిచ్చే చోటు దానికిస్తారు.

వదిన ఇంటి వసారాలో నీలం డ్రమ్ము ఉంది. కడిగి కడిగి మెరుస్తోంది. పసుపు రాసి కుంకుమ బొట్లు పెట్టారు. మూత మీద ఇత్తడి చెంబు, పక్కన మేకుకి వేలాడే గరిట. తెల్ల రంగుతో ముద్దుగా రాసి ఉంది: 'అన్నయ్య ఇచ్చినది.'

"వచ్చావా అన్నయ్యా! మరిదిగారూ, మీకు దారి తెలిసిందా, గుంటూరు దాటి బయటికి వచ్చారే!" అంటూ వదిన ఎదురొచ్చింది. దుర్గ మంచం మీద కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తోంది, లేవబోతే బావ వద్దని చెయ్యి ఊపాడు.

ఇంటికొచ్చినవాళ్ళకి ముందు మంచినీళ్ళు ఇవ్వడం ఇక్కడి ఆనవాయితీ. మాట తర్వాత, నీళ్ళు ముందు. నీళ్ళు కరువైన చోట నీళ్ళివ్వడమంటే అది ఎంత మర్యాదో ఆలోచించండి. వదిన మూత తీసింది, గరిటతో ముంచింది, రెండు గ్లాసులు తెచ్చి చేతిలో పెట్టింది.

నేను గ్లాసు పట్టుకుని బావ వైపు చూశాను. బావ తన గ్లాసు ఎత్తి గటగటా తాగేశాడు. నా చేతిలోది లాక్కుని అదీ తాగేశాడు. మీసం తుడుచుకున్నాడు.

"అమ్మాయ్," అన్నాడు, "ఈ డ్రమ్ములో నీళ్ళు తాగకూడదు."

వదిన నవ్వింది. "మరి రెండు గ్లాసులు తాగావేం?"

"నువ్విచ్చావని."

తర్వాత చెప్పాడు. వల్లెవేసినవేవీ చెప్పలేదు, ఉన్నదున్నట్టు చెప్పాడు. వదిన నవ్వు నెమ్మదిగా వెళ్ళిపోయింది.

"కాచి ఇస్తున్నాను కదన్నయ్యా దుర్గకి?"

"కాచినా పోదమ్మా."

"మూడేళ్ళుగా కడుగుతున్నాం. ఇంకా ఉంటుందా?"

"నీ డ్రమ్ములో చాలావరకు పోయి ఉండొచ్చు. ఎంత మిగిలిందో నాకు తెలీదు. మీ వీధిలో కొత్తగా తెచ్చుకున్నవి ఇంకా ప్రమాదం."

దుర్గ చిక్కుడుకాయ చేతిలో పట్టుకుని అడిగింది. "మావయ్యా, బిడ్డకేమన్నా అవుతుందా?"

ముప్పై ఏళ్ళు మంటల్లోకి వెళ్ళిన మనిషి ఆ మంచం పక్కన నేల మీద కూర్చున్నాడు. "తెలీదమ్మా. ఏమీ అవకపోవచ్చు. కడుపులో బిడ్డకి మంచిది కాదంటున్నారు. డాక్టరమ్మకి ఈ సంగతి చెప్పండి. ఇవాళ్టి నుంచి ఒక్క చుక్క తాగకు."

ఆ 'తెలీదు' ఉందే, దాని మీద నాకు ఇప్పటికీ కోపం. అమ్మినవాడికి తెలీదు, కొన్నవాడికి తెలీదు, పాఠం చెప్పినవాడికి తెలీదు. తెలిసినవాళ్ళెవరో ఎక్కడో చల్లటి గదిలో కూర్చుని, తెలిసిందాన్ని నాలుక కింద పెట్టుకున్నారు. తెలియకుండా తాగింది మాత్రం తొమ్మిదో నెల పిల్ల.

వదిన లేచింది. ఆవిడ కోపం మా గుంటూరు మిరప్పొడి బస్తా విప్పినట్టు రాలేదు, నిదానంగా వచ్చింది.

"నీ పేరు చెప్పి వీధంతా తాగించాను అన్నయ్యా. నా ఒక్కదాని డ్రమ్మే కాదు. పది ఇళ్ళకి నేనే తెప్పించాను. 'మా అన్నయ్య మంటలార్పేవాడు, ఆయన మాటంటే మాటే' అని చెప్పి తెప్పించాను. ఇప్పుడు తీసుకెళ్తానని వచ్చావు. సరే. బదులేం తెచ్చావు?"

బావ నా వైపు చూశాడు. నా చేతిలో లడ్డూల డబ్బా ఉంది.

"లడ్డూలు," అన్నాను.

"లడ్డూల్లో పడతామా నీళ్ళు?" అంది వదిన.

నా జీవితంలో నేను చాలా చోట్ల సిగ్గుపడ్డాను, వాటిని పెంచి చెప్పి నవ్వించాను కూడా. ఆ వసారాలో పడ్డ సిగ్గుని పెంచలేను. డ్రమ్ము చెడ్డదని చెప్పడానికి ఇంత దూరం వచ్చాం. అది తీసేస్తే వాళ్ళు నీళ్ళు దేంట్లో పడతారో ఇద్దరు మగాళ్ళకీ తట్టలేదు.

బావ అప్పటికప్పుడు అవనిగడ్డ వెళ్ళాడు. మధ్యాహ్నం దాటాక ట్రాలీ ఆటోతో వచ్చాడు, దాన్నిండా మంచినీళ్ళ కోసమే చేసిన తెల్ల డ్రమ్ములు. ఈలోగా వదిన వీధంతా తిరిగింది. తలుపు తట్టి, "నేనే తెప్పించాను, నేనే తప్పు చెప్పాను, తెచ్చి మా గుమ్మంలో పెట్టండి," అని ప్రతి ఇంటికీ చెప్పింది. కొందరు తిట్టారు. ఒకావిడ "మీ అన్నయ్య పుణ్యమా అని" అంటూ మొదలుపెట్టి చాలాసేపు ఆపలేదు. వదిన నిలబడి విన్నది.

సాయంత్రానికి గుమ్మంలో పదకొండు నీలం డ్రమ్ములు. చాలావాటికి బొట్లు. ఒకదాని మీద సిలువ గుర్తు, ఒకదాని మీద మనవరాలి పేరు.

"పాత సామాన్ల వాడికి ఇచ్చేద్దామా?" అన్నాను.

"ఇస్తే వాడు ఇంకో ఊళ్ళో అమ్ముతాడు. అక్కడ ఇంకో సీత బొట్టు పెడుతుంది," అన్నాడు బావ. వ్యానులోంచి గొడ్డలి తెచ్చాడు. "డ్రమ్ము స్కూలు గేటు దాటేముందు ఒక్క పోటు పొడిచి ఉంటే సరిపోయేదిరా. నీళ్ళు నిలవకపోతే ఎవడూ ఇంట్లో పెట్టుకోడు. ఈ గొడ్డలి ముప్పై ఏళ్ళు నా నడుముకే ఉంది."

ఎత్తబోయాడు. వదిన చెయ్యి చాపింది.

"ఇటివ్వు."

మొదటి పోటు 'అన్నయ్య ఇచ్చినది' మీదే పడింది, సరిగ్గా అక్షరాల కింద. అడుగున మిగిలిన నీళ్ళు బుడబుడమని వసారాలోంచి వీధిలోకి పారాయి. రెండు రోజులకోసారి వచ్చే నీళ్ళు. వీధిలో ఆడవాళ్ళంతా వాటిని చూస్తూ నిలబడ్డారు. ఆ తర్వాత ఎవరి డ్రమ్ము వాళ్ళే పొడిచారు, గొడ్డలి చేతులు మారుతూ వెళ్ళింది.

ఆ పూట పీతల పులుసు పెట్టింది వదిన. కారం బాగానే వేసింది. కంట్లో నీళ్ళకి ఎవరూ కారణం చెప్పుకోనక్కర్లేకపోయింది.

తిరుగు దారి: గేటు ముందు

సోమవారం ట్రాలీ ఆటో ముందు, మా వ్యాను వెనక. ఊళ్ళ మీదుగా వెళ్తుంటే బొట్లు పెట్టిన డ్రమ్ముల్ని చూసి జనం ఏదో ఊరేగింపనుకుని పక్కకి తప్పుకున్నారు. ఒకాయన దండం కూడా పెట్టాడు.

స్కూలు గేటు దగ్గర దింపుతుంటే ప్రవీణ్ చేతులడ్డం పెట్టి పరుగెత్తుకొచ్చాడు.

"సార్, సార్! లోపలికి తేకండి. వాడేసిన ఫోమ్ డ్రమ్ములు పెట్టుకోవాలంటే పర్మిషన్ ఉండాలండీ. అవి ప్రమాదకర వ్యర్థాల కిందికొస్తాయి."

బావ ఆగాడు. ట్రాలీ డ్రైవరు ఆగాడు. డ్రిల్లు బట్టల్లో ఉన్న కుర్రాళ్ళంతా ఆగారు.

"శనివారం సబ్బునీళ్ళన్నావు," అన్నాడు బావ.

"అది... క్లాసు సార్. ఇది రూలు."

"మీ గేటు లోపల ప్రమాదం, మా చెల్లెలి వసారాలో సేవా?"

ప్రవీణ్ టై సర్దుకున్నాడు. నేను నోరు విప్పి గుంటూరులో నేర్చుకున్నదంతా వరసగా అప్పజెప్పాను. దాన్ని ఇక్కడ రాస్తే ఈ పుస్తకం మీ ఇంట్లోకి రాదు. బావ మాత్రం నేరుగా క్లాసులోకి వెళ్ళి, గోడ మీద తన కాగితం ఊడదీసి తెచ్చాడు. అద్దం తీసేశాడు. తన అక్షరాల మీద అడ్డంగా గీత కొట్టి కింద రాశాడు: 'నేను తప్పు చెప్పాను. ఇది ఏనాటికీ పోని విషం. నీళ్ళతో నేర్చుకోండి. డ్రమ్ము బయటికి వెళ్ళేముందు పొడవండి.' సంతకం పెట్టి, దాన్ని గేటుకి కట్టి, కుర్రాళ్ళకి గట్టిగా చదివి వినిపించాడు. ఒకడు తన చేతులు వాసన చూసుకున్నాడు. ఇంకొకడు నెమ్మదిగా వెళ్ళి కుళాయి కింద మొహం కడుక్కున్నాడు.

పదకొండు డ్రమ్ములూ గేటు ముందు వరసగా నిలబెట్టి వచ్చేశాం.

నేను గుంటూరు చేరాక దుర్గకి ఆడపిల్ల పుట్టింది. బాగానే ఉందంటున్నారు. బావ రోజూ ఫోను చేసి పాలు తాగిందా అని అడుగుతున్నాడు, బహుశా ఆ పిల్ల పెళ్ళి దాకా అడుగుతాడు. స్కూల్లో నురగ మానేశారని, నీళ్ళే కొడుతున్నారని ప్రవీణ్ బావకి చెప్పాడట. నేను నమ్మను. ఆదివారం కూడా ఉతుకుతున్నామని పెడన నుంచి వెంకటేశ్వర్లు ఫోను చేస్తే నమ్ముతాను. ఇంకా చెయ్యలేదు.

ఫోను వచ్చింది వదిన దగ్గర్నుంచి. ఆ రోజు వచ్చేటప్పుడు బావ గొడ్డలి అడిగితే ఆవిడ ఇవ్వలేదు. పాత డ్రమ్ము గరిట వేలాడిన మేకుకే దాన్ని తగిలించింది.

"మరిదిగారూ, నిన్న మన వీధిలోకి డ్రమ్ముల బండొచ్చింది. నీలంవే. ఎక్కడివయ్యా అంటే చెప్పడు, చవకంటాడు, ఫైరాఫీసరు చెల్లెలు కూడా ఇవే వాడుతుందంటాడు."

"మీరేం చేశారు వదినా?"

"గొడ్డలి తెచ్చి ఏడు పొడిచాను. ఎనిమిదోది పొడిచేలోపు బండి తోలుకుని పారిపోయాడు."

ఏడు. మా ఆవిడకి చెప్తే అలవాటు ప్రకారం మూడుతో భాగించబోయింది. చెయ్యి పట్టుకుని ఆపాను.